కరకట్ట మీద ఒక పగలు

మా దిగువ కృష్ణా డెల్టాలో దారి అంటే కట్టే. పొలానికి వెళ్లేది గట్టు మీద, పక్క ఊరికి వెళ్లేది కాలువ కట్ట మీద, సముద్రం వైపు వెళ్లేది కరకట్ట మీద. నేలంతా అరచేయి పరచినట్లు చదునుగా ఉంటుంది. కొండ లేదు, గుట్ట లేదు. వేల సంవత్సరాలుగా కృష్ణా నది మోసుకొచ్చి పరచిన ఒండ్రు ఇది. ఇటువంటి నేల మీద మనిషి తన చేతులతో పోసుకున్న ఎత్తే ఎత్తు. అది మూడడుగులా, ఆరడుగులా, పదడుగులా అన్నదాని మీద ఇక్కడ చాలా విషయాలు ఆధారపడి ఉంటాయి. పంట నిలుస్తుందా, ఇల్లు నిలుస్తుందా అన్నవే కాదు, ఆడపిల్లను ఆ ఊరికి ఇవ్వవచ్చా అన్నది కూడా.

ఈ చివరి ప్రశ్నకు జవాబు వెదుక్కుంటూనే డిసెంబరు నెలలో ఒక రోజు నేనూ, మా అన్నయ్యా మోటారు సైకిలు మీద చల్లపల్లి నుంచి సముద్రం దాకా వెళ్లి, బందరు మీదుగా తిరిగి వచ్చాము. అన్నయ్య చిన్న కుమార్తెకు కోడూరు అవతలి పల్లె నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లు బాగుచేసే పని చేస్తాడు. నమాజు చేసే పిల్లవాడు, దురలవాట్లు లేవు, కట్నకానుకల మాట వాళ్లు ఎత్తనే లేదు. వదినకు నచ్చింది, అమ్మాయికీ అభ్యంతరం లేదు. అన్నయ్య మాత్రం నెల రోజులుగా ఏ సంగతీ తేల్చడం లేదు. అడిగితే ‘ఊరు దూరం’ అంటున్నారు. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషికి కోడూరు దూరమా? అసలు కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కోడూరు వైపు డ్యూటీ పడితే ఆయన తోటి డ్రైవర్లను బతిమాలి మార్చుకునేవారు. 1977 తర్వాత ఆయన ఆ దారిన వెళ్లలేదు.

“భాయీ, ఒకసారి చూసి వద్దాం. నచ్చకపోతే నచ్చలేదని చెబుదాం. చూడకుండా కాదనడం ఆ ఇంటివారికి అన్యాయం” అని నేను రెండు మూడుసార్లు అన్నాక ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే: బస్సులో కాదు, బండి మీద వెళ్లాలి, కట్టల మీదుగా వెళ్లాలి. అరవై దాటిన ఆయన మోకాళ్లు బండి నడపనివ్వవు కనుక నేను నడపాలి, ఆయన వెనుక కూర్చోవాలి. పదవీ విరమణ చేసిన డ్రైవరును వెనుక కూర్చోబెట్టుకుని బండి నడపడం ఎటువంటి పరీక్షో అనుభవించినవారికే తెలుస్తుంది. మద్రసాలో నా విద్యార్థులు నా ముందు ఎలా కూర్చుంటారో ఆ రోజు నేను ఆయన ముందు అలా కూర్చున్నాను.

ఫజ్ర్ నమాజు చేసుకుని బయలుదేరాము. మంచు దట్టంగా ఉంది. ఆ వేళకే మా ఊరి వీధుల్లో చీపుర్ల చప్పుడు వినిపిస్తోంది. చల్లపల్లి గురించి తెలియని పాఠకులకు ఇది చెప్పాలి. 2014 నవంబరు నుంచి ఈ ఊళ్లో కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు ప్రతి తెల్లవారుజామున వచ్చి రోడ్లు ఊడుస్తారు, మురుగు తీస్తారు, రోడ్ల పక్కన పూల మొక్కలు నాటుతారు. డాక్టర్లు, రైతులు, ఉపాధ్యాయులు, గృహిణులు అందరూ ఉంటారు. ఒకప్పుడు చల్లపల్లి అంటే రాజావారి కోట, దేవరకోట జమీందారీ, ఆ జమీందారీకి ఎదురు నిలిచిన రైతు పోరాటాలు గుర్తుకువచ్చేవి. ఇప్పుడు బయటివారు ఊరి పేరు వినగానే ఈ చీపుర్ల మాటే అడుగుతున్నారు. కోట గోడ పక్కన ఒక పెద్దాయన మంచులో చెత్త ఎత్తుతూ మమ్మల్ని చూసి చేయి ఊపారు. శుభ్రత ఈమానులో భాగమని పిల్లలకు పాఠం చెప్పే నేను, ఈ వేళకు లేచి చీపురు పట్టినవారిని చూసినప్పుడల్లా బండి నెమ్మది చేస్తాను. “హెడ్‌లైటు తగ్గించు, వాళ్ల కళ్లలో పడుతోంది” అన్నారు అన్నయ్య. ఆ రోజు మొదటి ఆజ్ఞ అది.

మోపిదేవి వైపు దారి పొడవునా కాలువ తోడు వస్తుంది. వరి కోతల కాలం. కొన్ని చేలలో పనలు పరిచి ఉన్నాయి, కొన్నింటిలో కుప్పలు వేశారు. కోసిన చేలలో అప్పుడే పచ్చగా మినుము మొలిచి ఉంది. బయటి ప్రాంతాల చుట్టాలు వచ్చినప్పుడు ఇది చూసి ఆశ్చర్యపోతారు: నిన్న కోసిన చేలో ఈ రోజు మొక్క ఎలా వచ్చిందని. వరి కోయడానికి కొన్ని రోజుల ముందే, నేలలో పదును ఉండగానే, నిలిచిన పైరులో మినుములు చల్లేస్తారు. దున్నే పని లేదు, నీరు పెట్టే పని లేదు. వరి కింద మిగిలిన తేమ, ఆ పైన కురిసే మంచు చాలు.

ఈ పచ్చదనం అంతా కాలువల చలవే. 1833 ప్రాంతంలో ఈ నది రెండు ఒడ్డులా డొక్కల కరువు వచ్చి జనం తుడిచిపెట్టుకుపోయారు. నది పక్కనే ఉండి మనుషులు నీళ్లు లేక, తిండి లేక మరణించారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు, 1855లో, బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడ ఆపిన నీరు కాలువలుగా, కాలువలు పంట బోదెలుగా చీలి చీలి మా ఊళ్ల దాకా వస్తుంది. చివరికి వచ్చేసరికి ప్రవాహం సన్నబడుతుంది, తగాదాలు చిక్కబడతాయి. చివరి భూముల రైతు బాధ చివరి భూముల రైతుకే తెలుస్తుంది.

పులిగడ్డ దగ్గర అన్నయ్య బండి ఆపించారు. ఇక్కడ కృష్ణా నది చీలుతుంది. ఆ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్న దీవే దివిసీమ: అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు. చుట్టూ నీరే ఉన్నా, ఒకప్పుడు తాగడానికి, పంటకు నమ్మకమైన తీపి నీరు కరువైన నేల అది. నది పాయలోకి పోటుతో పాటు ఉప్పు ఎక్కి వస్తుంది. మరి కాలువ నీటిని నది దాటించి దీవిలోకి పంపడం ఎలా? బ్రిటిషు కాలపు ఇంజనీర్లు నదికి అడ్డంగా స్తంభాలు నిలిపి, వాటి మీద తొట్టిలాంటి కాలువ కట్టారు. అదే పులిగడ్డ ఆక్విడక్టు. కింద నది, పైన కాలువ. రెండూ ఒకే నది నీళ్లే. ఒకటి సముద్రానికి పోతుంది, రెండోది దాని నెత్తి మీదుగా పొలాలకు పోతుంది. చిన్నప్పుడు మా అబ్బా మమ్మల్ని ఇద్దరినీ సైకిలు మీద ఇక్కడికి తీసుకువచ్చి ఇది చూపించేవారు. అన్నయ్య గోడ మీద చేయి వేసి కాసేపు నిలబడ్డారు. “దీని పక్కనుంచే వెళ్లాం” అన్నారు. ఎప్పుడు అని నేను అడగలేదు.

అవనిగడ్డలో టీ తాగాము. రోడ్డు పక్కన తేగలు అమ్ముతున్నారు. అన్నయ్య ఒక కట్ట కొని చొక్కా లోపల పెట్టుకున్నారు, వెచ్చగా ఉంటాయట. అక్కడి నుంచి కోడూరు దారి పట్టాక ఆయన నా నడక మీద వ్యాఖ్యలు మానేశారు. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు, ఒక్క మాట లేదు. గతుకు వచ్చినా, ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వచ్చినా లేదు. తర్వాత ఆయనే మొదలుపెట్టారు.

1977 నవంబరు 19 శనివారం. బక్రీదు పండుగకు రెండు మూడు రోజుల ముందు. నాకు ఎనిమిదేళ్లు, ఆయనకు పదిహేడు. ఆనాటి గాలి నాకు గుర్తుంది. చల్లపల్లిలో మా పెంకుటింటి పెంకులు పక్షుల్లా లేచిపోయాయి. అబ్బా గది మధ్యలో నిలబడి బిగ్గరగా అజాను ఇస్తున్నారు, పక్క గదిలో ఉన్న మాకు ఆ గొంతు వినబడలేదు. అంత హోరు. మా ఊరికి గాలి వచ్చింది, నీళ్లు రాలేదు. ఆ తేడా ఏమిటో మరునాటి నుంచి తెలిసింది. కట్ట వెంట మనుషులు రావడం మొదలైంది. ఒంటి మీద బట్ట లేనివారు, ఎవరి బిడ్డనో ఎత్తుకున్నవారు, ఏమీ మాట్లాడనివారు.

ఆ రోజు ఏం జరిగిందో శాస్త్రం తెలిసినవారు చెప్పింది నేను తర్వాత చదువుకున్నాను. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. మన సముద్రంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కనుక తుఫాను కన్నుకు కుడి పక్కన ఉన్న తీరం మీదికి గాలి సముద్రాన్ని తోస్తుంది, ఎడమ పక్కన తీరం నుంచి నీటిని లాగుతుంది. దివిసీమ ఆ కుడి పక్కన ఉంది. పైగా ఇక్కడి సముద్రం లోతు తక్కువ, తోసిన నీరు కిందికి పోలేదు, పైకే లేచింది. రెండు తాటి చెట్లంత అని చూసినవారు అంటారు. కొలిచినవారి లెక్క అయిదారు మీటర్లు. అంతెత్తు నీరు మైళ్ల కొద్దీ లోపలికి వచ్చి, వచ్చినంత వేగంగానూ వెనక్కి పోయింది. వచ్చేటప్పుడు చంపినదాని కన్నా పోయేటప్పుడు ఈడ్చుకుపోయినదే ఎక్కువని అన్నయ్య అంటారు. మరణించినవారు దాదాపు 10,000 మంది అని ఒక లెక్క, 14,000 దాటారని మరొక లెక్క. పశువుల లెక్క లక్షల్లో. సొర్లగొంది వంటి ఊళ్లలో ఇంటికి దీపం పెట్టేవారు లేకుండా పోయిన కుటుంబాలు ఎన్నో. దివ్యఖుర్ఆన్‌లో నూహ్ ప్రవక్త (అలై) కుమారుడు తాను కొండ ఎక్కి నీటి నుంచి తప్పించుకుంటానంటాడు. ఎక్కుదామంటే దివిసీమలో కొండ కూడా లేదు.

మా మసీదు కుర్రవాళ్లు పదిమంది అటుకులు, మరమరాల మూటలు, పాత బట్టలు నెత్తిన పెట్టుకుని బయలుదేరారు. రోడ్ల మీద చెట్లు పడి ఉన్నాయి కనుక కాలువ కట్ట మీదే నడక. మా ఊరి హిందూ స్నేహితులు కూడా కొందరు కలిశారు. అమ్మీ వద్దంది, అబ్బా వెళ్లమన్నారు. పండుగ రోజున అన్నయ్య ఇంట్లో లేరు. అమ్మీ ఆయన వాటా మాంసం ఉప్పు పట్టించి ఎండబెట్టి దాచింది. ఆయన తిరిగివచ్చాక దాన్ని ముట్టుకోలేదు. ఇది నాకు తెలిసిన కథ. అక్కడ ఆయన ఏం చేశారన్నది ఇన్నేళ్లలో నేను వినలేదు. అది ఆ రోజు, కోడూరు దారిలో, నా వీపు వెనుక నుంచి విన్నాను. ముఖం కనబడకపోవడం వల్లనే చెప్పగలిగారని నా అభిప్రాయం.

“మూటలు ఇచ్చి వచ్చేద్దామని వెళ్లాం. ఇవ్వడానికి మనుషులు ఏరీ? మొదట శవాలు తీయాలన్నారు. నీళ్లలో పశువు ఏదో, మనిషి ఏదో దూరం నుంచి తెలియలేదు. రెండో రోజుకు మోసే కర్రలు చాలలేదు, తలుపు చెక్కలు తెచ్చాం. కొన్ని చోట్ల గుంట తీసి పూడ్చారు, కొన్ని చోట్ల కిరసనాయిలు పోసి కాల్చారు. ఎవరు ఏ మతమో ఎవరు చూస్తారు? గుస్ల్ లేదు, కఫన్ లేదు. ఒక పిల్ల, మన చిన్నపాప ఈడుది, దాని చేతికి గాజులు అలాగే ఉన్నాయి, ఒక్కటీ పగలలేదు.”

అంతవరకు చెప్పి ఆగారు. కొంత దూరం పోయాక, “తిరిగొచ్చి ఇమాం సాబ్‌ను అడిగాను, గుస్ల్ లేకుండా పోయినవాళ్ల సంగతి ఏమిటని. నీట మునిగి పోయినవారిది షహీదుల దర్జా అన్నారు. ఆయన ఆ మాట అనకపోతే నాకు పిచ్చి పట్టేది మౌల్వీ సాబ్” అన్నారు. నన్ను ఆయన ఎగతాళికి మౌల్వీ సాబ్ అని పిలుస్తారు. ఆ సారి ఎగతాళి లేదు. ఆ హదీసును నేను ఎన్నోసార్లు బోధించాను. తరగతిలో అది పరీక్షకు వచ్చే ఒక అంశం.

కోడూరు దాటాక నేల రంగు మారుతుంది. వరి పలచబడి, చౌడు నేల, రొయ్యల చెరువులు మొదలవుతాయి. చెరువుల్లో ఏరేటర్ల చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటాయి. ఈ చెరువులతో డబ్బు వచ్చింది, నిజమే. చుట్టుపక్కల పొలాలకు, తాగే నీటికి ఉప్పు అంటిందన్న ఫిర్యాదూ నిజమే. అబ్బాయి ఇంటికి చేరేసరికి పదకొండు అయింది. మేము వస్తున్నట్లు కబురు పంపాము కనుక ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు. అబ్బాయి తండ్రి ఎదురొచ్చి సలాము చేసి లోపలికి రమ్మన్నారు. అన్నయ్య లోపలికి వెళ్లలేదు. గుమ్మం ముందు ఆగి, ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, అరుగు పక్కన నిలబడి పునాది ఎత్తును తన నడుముతో పోల్చి చూసుకున్నారు. నాకు సిగ్గు వేసింది. సంబంధం చూడటానికి వచ్చినవారు అబ్బాయిని చూస్తారు, ఆస్తి చూస్తారు. పునాది కొలిచేవారిని నేను చూడలేదు.

ఆ ఇంటి యజమాని నవ్వలేదు, తప్పు పట్టలేదు. “నాలుగున్నర అడుగులండీ. లోపల ఇనుప ఊచల స్లాబు. డాబా మీదికి మెట్లు బయటి నుంచి ఉన్నాయి, తలుపు తీయకుండానే ఎక్కవచ్చు” అన్నారు. తుఫాను రక్షిత భవనం ఎంత దూరమని అన్నయ్య అడిగారు. “నడిస్తే పది నిమిషాలు. ఇప్పుడు ఫోన్లకే ముందు రోజు హెచ్చరిక వస్తుంది, మైకులో చెబుతారు, బస్సులు పెడతారు” అని ఆయన జవాబు. ఇద్దరూ అరుగు మీదే కూర్చుని, కట్టడం మేస్త్రీల్లా అరగంట మాట్లాడుకున్నారు. సముద్రపు కట్ట ఎక్కడ తెగుతుంది, మొన్నటి వాయుగుండానికి నీరు ఎంతవరకు వచ్చింది, మురుగు కాలువ తూము పనిచేస్తుందా లేదా. అబ్బాయి టీ తెచ్చి నిలబడ్డాడు. పాపం, అతణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ మధ్యలో నేనే అతని పని సంగతులు అడిగాను. పనిని గురించి మాట్లాడేటప్పుడు అతని కళ్లు తలెత్తి చూశాయి. నాకు నచ్చాడు.

ఆ ఇంట్లో ఒక ముసలమ్మ ఉన్నారు, అబ్బాయి నాయనమ్మ. ఎనభై దాటి ఉంటాయి. మంచం మీద కూర్చుని తస్బీహ్ తిప్పుకుంటున్నారు. చల్లపల్లి నుంచి వచ్చామనగానే తల ఎత్తారు. “ఉప్పెనప్పుడు చల్లపల్లి పిల్లలు వచ్చారు” అన్నారు. అన్నయ్య కదలకుండా కూర్చున్నారు. ఆమె కథ పెద్దది, ఆమె చెప్పింది కొంచెమే. తాటిచెట్టును పట్టుకుని రాత్రంతా ఉన్నారు. చంకలో ఉన్న బిడ్డ దక్కాడు, ఆ బిడ్డే ఈ ఇంటి యజమాని. చేయి పట్టుకున్న పెద్దపిల్ల దక్కలేదు. తెల్లవారి కిందికి దిగితే ఒంటి మీద నూలుపోగు లేదు. “ఎవరో ఒక పిల్లాడు తన లుంగీ విప్పి నా మీదికి విసిరాడు. నిక్కరు మీద నిలబడ్డాడు. ఇటు చూడకుండా వెళ్లిపోయాడు” అన్నారు.

ఆ కుర్రవాడు మా అన్నయ్య అని రాస్తే కథ బాగుంటుంది. కాదు. బయటికి వచ్చాక నేను అడిగితే, “నేను ప్యాంటు మీద వెళ్లాను. లుంగీ మీద వచ్చింది మన వీధి చాకలి వెంకన్న కొడుకు” అన్నారు. అతను ఇప్పుడు లేడు.

ఈ ఊరు ఎందుకు వదిలి వెళ్లలేదమ్మా అని అన్నయ్య ఆమెనే అడిగారు. నెల రోజులుగా ఆయన మనసులో ఉన్న ప్రశ్న అదే. “ఎక్కడికి పోతాం నాయనా? పొలం ఇక్కడుంది. ఉప్పెన ఎప్పుడో వస్తుంది, ఆకలి రోజూ వస్తుంది” అన్నారామె. ఆ తర్వాత కోడలిని పిలిచి, వచ్చినవారికి భోజనం పెట్టకుండా పంపితే ఊరుకోనన్నారు. పీతల కూర, పప్పు, మాగాయ పచ్చడి. జొహర్ నమాజు వాళ్ల చిన్న మసీదులో చేసుకున్నాము. ఆ మసీదు పునాది ఆరడుగులు ఉంది. అన్నయ్య మెట్లు లెక్కపెట్టడం నేను చూశాను.

అక్కడి నుంచి పాలకాయతిప్పకు వెళ్లాము. దారికి రెండు పక్కలా మడ అడవి. ఉప్పునీటి బురదలో నిలబడే ఈ చెట్ల వేళ్లు ఊపిరి కోసం మేకుల్లా నేలలోంచి పైకి పొడుచుకువస్తాయి. ఇది కృష్ణా వన్యప్రాణి సంరక్షణ ప్రాంతంలో భాగం. బురదలో దిగి చేపలు పట్టుకునే బావురు పిల్లి ఉండేది ఈ అడవిలోనే. ఉప్పెన నాడు మడ అడవి వెనుక ఉన్న ఊళ్లు, అడవి లేని ఊళ్ల కన్నా తక్కువ దెబ్బ తిన్నాయని ఇక్కడి పెద్దలు చెబుతారు. మనుషులు పోసిన కట్టల కన్నా ముందు అల్లాహ్ నాటిన కట్ట ఇది. వంటచెరకు కోసం, చెరువుల కోసం దాన్ని మనం చాలాచోట్ల నరుక్కున్నాం.

సముద్రపు ఒడ్డున తడి ఇసుక సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంటుంది. నది సముద్రంలో కలిసే చోటుకు ఆ ఇసుక మీదుగానే బండ్లు వెళతాయి. మాఘ పౌర్ణమికి ఇక్కడ స్నానాలకు వేలమంది వస్తారు, హంసలదీవి ఆలయం దగ్గరే ఉంది. ఆ రోజు మాత్రం ఒడ్డు ఖాళీ. “ఇప్పుడు తోలు చూద్దాం” అన్నారు అన్నయ్య. తోలాను. యాభై, అరవై. ఎర్ర పీతలు గుంపులుగా మా చక్రాల ముందు నుంచి పరుగెత్తి బొరియల్లో దూరుతున్నాయి. ఎడమవైపు అడవి, కుడివైపు సముద్రం. ఆయన వెనుక నుంచి నా భుజం పట్టుకుని నవ్వడం వినిపించింది. యాభై ఏళ్ల మద్రసా అధ్యాపకుడు, అరవై దాటిన డ్రైవరు ఆ ఇసుక మీద అలా పోవడం ఎవరైనా నా విద్యార్థి చూసి ఉంటే ఏమనుకునేవాడో. సంగమం దగ్గర నది రంగు, సముద్రం రంగు కలవకుండా చాలా దూరం పక్కపక్కనే పోతున్నాయి. అన్నయ్య నీటి అంచున నిలబడి చేతులెత్తి దుఆ చేశారు. చాలాసేపు చేశారు.

తిరుగు ప్రయాణంలో ఉల్లిపాలెం వారధి మీదుగా నది దాటి బందరు దారి పట్టాము. ఈ వంతెన లేని రోజుల్లో ఇటువైపు వారు బందరు వెళ్లాలంటే అవనిగడ్డ చుట్టి రావాలి, లేదా పడవ ఎక్కాలి. ఆపదలో బయటికి పోవడానికి రెండో దారి ఉందన్న సంగతి అన్నయ్యకు కొత్త. వంతెన మీద బండి ఆపించి రెండు వైపులా చూశారు. ఇల్లు చూసినప్పటి కన్నా ఇది చూశాకే ఆయన ముఖం తేలికపడిందని నాకు అనిపించింది.

బందరు అన్న పేరే ఫార్సీ మాట, రేవు అని అర్థం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది తూర్పు తీరంలోకెల్లా గొప్ప రేవు. ఇక్కడి కలంకారీ బట్టలు ఇరాను దాకా వెళ్లేవి, ఎర్ర సముద్రపు రేవులకు వెళ్లే ఓడల్లో సరుకుతో పాటు హజ్ యాత్రికులూ ఎక్కేవారు. 1652లో ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఇరానులోని బందర్ అబ్బాస్ నుంచి గోల్కొండ సుల్తాను ఓడ ఎక్కి ఈ బందరులో దిగాడు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో ఇక్కడికి వచ్చారు. అంతటి రేవును కూడా సముద్రం ఒకసారి ముంచింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు, చుట్టుపక్కల ఊళ్లలో దాదాపు 30,000 మంది మరణించారు. నూట పదమూడేళ్ల తర్వాత, అదే నెలలో, దివిసీమ.

కానీ ఆ తర్వాత మరొక లెక్క ఉంది, దాన్ని మనవాళ్లు అంతగా చెప్పుకోరు. 1990 మే 9న వచ్చిన తుఫాను కృష్ణా నది ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. గాలి తీవ్రత 1977 నాటి దానికి తీసిపోయేది కాదు. లక్షన్నర మందికి పైగా ప్రజలను ముందుగానే తరలించారు. మరణాలు వెయ్యికి లోపు. అదీ పెద్ద సంఖ్యే, కానీ పది వేలు కాదు. సముద్రం మారలేదు, గాలి మారలేదు. మారినవి బందరులోని వాతావరణ శాఖ రాడారు, స్తంభాల మీద నిలిచిన రక్షిత భవనాలు, వేళకు చేరిన కబురు, కబురు విని కదిలిన కాళ్లు. అస్ర్ నమాజు తర్వాత మసీదు అరుగు మీద కూర్చుని ఈ సంగతి అన్నయ్యకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, “ఆ తుఫానప్పుడు వాళ్లు ఎక్కడున్నారో ఆ ఇంటాయన్ని అడిగాను. భవనంలో ఉన్నారట. తిరిగొచ్చి చూస్తే ఇంటి పైకప్పు లేదు, మనుషులంతా ఉన్నారట” అన్నారు. నేను చెప్పబోయే ముందే ఆయన తన లెక్క తాను చేసుకుని ఉన్నారు.

చీకటి పడేలోగా చల్లపల్లి చేరాలని లేచాము. కోనేరు సెంటరు దగ్గర మళ్లీ ఆపమన్నారు. మిఠాయి దుకాణంలోకి వెళ్లి బందరు లడ్డు రెండు కిలోలు కట్టమన్నారు. మా ఇంట్లో ఇద్దరికి చక్కెర వ్యాధి ఉంది, రెండు కిలోలు ఎవరు తింటారని నేను అడిగాను. దుకాణదారు తూకం వేస్తుండగా ఆయన ఫోను తీసి వదినతో మాట్లాడుతున్నారు: “ఆదివారం వాళ్లను రమ్మని చెప్పు. పెద్దమ్మ కూడా వస్తానంటే కారు పంపిద్దాం, బస్సు ఎక్కలేదు. ఆఁ, ఇల్లు చూశాను. నాలుగున్నర అడుగులు.”